చైను నూనె: ఎండకొకటి, వానకొకటి

మార్చి 16, హైదరాబాద్
పొద్దున్నే కోకాపేట దాకా తొక్కి వస్తే ఒంటి మీద కన్నా చైను మీదే ఎక్కువ దుమ్ము. కట్టే టవర్ల సిమెంటు, టిప్పర్లు రాల్చుకుంటూ పోయే ఇసుక. ఈ ఊళ్లో ఎండాకాలం చైనుకు శత్రువు వేడి కాదు, దుమ్మే. అందుకే డ్రై ల్యూబ్. అందులో ద్రావకం ఆవిరైపోయి మైనమో, టెఫ్లానో పొరగా మిగులుతుంది. ఆరడానికి గంటలు పడుతుంది కాబట్టి రాత్రే వేసిపెడతాను.

ఏప్రిల్ 9
చైను అరిగేది పైన కాదు, లోపల పిన్ను రాసుకునే చోట. నూనె అక్కడికి దిగాలి. పెడల్ వెనక్కి తిప్పుతూ రోలరుకో చుక్క చాలు. కాసేపాగి పాత బనియన్ గుడ్డతో పైనంతా తుడిచెయ్యాలి. పైన మిగిలిన జిడ్డుకు ఇసుక అంటిందంటే అది ఆకురాయే. ఏ సీసా కొన్నామన్నదాని కన్నా ఈ తుడవడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

మే 30, రోహిణి కార్తె
సైకిల్ మీద డెలివరీలు చేసే కుర్రాడు బండి ఇంజన్లోంచి దించిన నల్ల ఆయిల్ చైనుకు పోస్తున్నాడు. "చప్పుడు పోయింది సార్" అన్నాడు. "పోతుంది తమ్ముడూ, కానీ అందులో మసి, ఇనుప రజను ఉంటాయి. చైనును తినేస్తాయి" అన్నాను. నా సీసా ఇచ్చి వచ్చాను. వాడి రోజు కూలి ఆ చైను మీదే నడుస్తోంది.

జూన్ 11
మృగశిర వచ్చేసింది. వెట్ ల్యూబ్‌కి మారాను. చిక్కటి నూనె, వానకు త్వరగా కొట్టుకుపోదు. ముందు డీగ్రీజరుతో కడిగి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టాను.

జులై 22
ముసురు. ఇంటికి రాగానే చైను పొడిగా తుడిచి, తర్వాతే నూనె. తడి మీద వేస్తే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. "గ్రీజు కొట్టియ్యి అన్నా" అంటాడు మెకానిక్. గ్రీజు పైనే ఉండిపోతుంది, రోలరు లోపలికి దిగదు. డబ్ల్యూడీ-40 నీళ్లను తరమడానికి బాగుంటుంది, కానీ చైనుకు అదే నూనె అనుకోకూడదు.

సెప్టెంబరు 14, విశాఖ
వాన లేదు. అయినా అక్క వాళ్ల బాల్కనీలో సైకిల్ చైనుకు తుప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. భీమిలి రోడ్డు మీద తొక్కేవాళ్లకు ఎండల్లోనూ వెట్ ల్యూబే నయం.

అక్టోబరు 27
హైదరాబాద్‌లో వానలు వెనుదిరిగాయి, నెల్లూరుకు ఇప్పుడే మొదలు. అక్కడివాళ్లు డిసెంబరు దాకా సీసా మార్చక్కర్లేదు. నేను డ్రైకి వచ్చేశాను. ఈ మార్పు జూన్ నాటి దాని కన్నా కష్టం. జిడ్డు మిగిలిన ఇనుముకు మైనం పట్టదు, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి.

డిసెంబరు 21
స్కేలుతో కొలిచాను. పిన్నుకీ పిన్నుకీ అర అంగుళం, అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే చైను మార్చెయ్యండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్ల చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది.