చెక్ రకం ఏదని అడగండి

పంట రకాల ప్రయోగాలు చేయడమే నా ఉద్యోగం. పరిశోధనా కేంద్రాల్లో మళ్లు కొలిపించి, కోత రోజున కాటా దగ్గర నిలబడి, మడివారీగా గింజల తూకం ఫీల్డ్ బుక్కులో రాసుకోవడంతోనే నా సర్వీసంతా గడిచింది. అందుకే ఎవరైనా కొత్త రకం 20 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందంటే ముందు నేనడిగేది ఒకటే: దేనికన్నా?

పోలిక కోసం పక్క మడిలో వేసే రకాన్ని చెక్ అంటాం. పాత రకాన్ని చెక్‌గా పెడితే సాదాసీదా హైబ్రిడ్ కూడా మెరిసిపోతుంది. రైతులు ఇప్పుడు వేస్తున్న మేలైన రకాన్ని పెడితే అసలు సంగతి తేలుతుంది. సారాంశ నివేదికలో సగటు దిగుబడి ఉంటుంది. ఏ మళ్లను లెక్కలోంచి తీసేశారు, ఎందుకు తీసేశారు, రెప్లికేషన్ల మధ్య, అంటే ఒకే రకాన్ని మళ్లీ మళ్లీ వేసిన మళ్ల మధ్య, ఎంత తేడా వచ్చింది అన్నవి రా డేటాలోనే దొరుకుతాయి. అవి లేకుండా ఆ ప్రయోగాన్ని నమ్మొచ్చో లేదో నాబోటివాడు కూడా చెప్పలేడు.

జన్యుమార్పిడి ఆవాలు డీఎంహెచ్-11 విషయంలో ఈ ప్రశ్నే వచ్చింది. క్షేత్ర ప్రయోగాల్లో దానికి జాతీయ చెక్ వరుణ, 1970ల నాటి రకం. డీఎంహెచ్-11 జీవభద్రత వివరాలు ఇవ్వమని కార్యకర్త కవిత కురుగంటి సమాచార హక్కు కింద అడిగితే పర్యావరణ శాఖ ఇవ్వలేదు. 2016 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు వాటిని బయటపెట్టమని ఆదేశించారు. ఆ సెప్టెంబరులో జనం ముందుకొచ్చింది మాత్రం 133 పేజీల మదింపు పత్రం. అభిప్రాయాలకు గడువు 30 రోజులు. వేల పేజీల పూర్తి డోసియర్ చూడాలంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని ఢిల్లీలో శాఖ కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చింది. ఆవాలు పండించే రైతు ఆ పని చేయగలడా? సెలవు పెట్టి వెళ్లినా, అన్ని పట్టికలను ఏ శాస్త్రవేత్త ఒక్క పూటలో పరిశీలించగలడు?

ఎందుకివ్వరంటే, వ్యాపార రహస్యం అంటారు. సమాచార హక్కు చట్టం 8(1)(డి) ఆ రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే క్లాజు చెబుతోంది. జన్యువును మొక్కలోకి ఎలా చేర్చారన్నది రహస్యం కావచ్చు. పరీక్షలో ఎలుక కాలేయం ఎంత తూగిందన్నది రహస్యం ఎలా అవుతుంది? బీటీ వంకాయ విషపరీక్షల వివరాలు ఇవ్వమని సమాచార కమిషన్ 2007లోనే చెప్పింది. ఎలుకలకు బీటీ వంకాయ 90 రోజులు తినిపించిన పరీక్షల పట్టికలు బయటికొచ్చాకే బయటి శాస్త్రవేత్తలు వాటిని తిరిగి లెక్కగట్టగలిగారు. ఆ తర్వాత హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు జరిగాయి. 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ బీటీ వంకాయపై మారటోరియం ప్రకటించారు.

జనానికి డేటా ఇస్తే అర్థంకాక కంగారుపడతారని మావాళ్లే కొందరంటారు. నేనది ఒప్పుకోను. ఒకసారి కిసాన్ మేళాలో మా ప్లాట్ల మధ్య నడుస్తూ ఒక పెద్దాయన ఆగి, "సారూ, ఈ చెక్ మడి మీద పొద్దున్నుంచీ చెట్టు నీడే పడుతోంది, దీంట్లో ఏం పండుద్ది?" అన్నారు. ఆ మడిని లెక్కలోంచి తీసేశాం, తీసేసిన సంగతి, కారణం నివేదికలో రాశాం. అంకెలు అలాంటి కళ్ల ముందు పడాలి.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకముందే వివరాలు బయటపెట్టమంటోంది. పెట్టనప్పుడు మనం అడగాలి. కేంద్ర శాఖకైతే దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. ఫైళ్లు చూసే హక్కూ ఉంది, మొదటి గంట ఉచితం. "నివేదిక ఇవ్వండి" అని రాయకండి, సారాంశం చేతిలో పెడతారు. రెప్లికేషన్‌వారీ డేటా, చెక్ రకాల పేర్లు, తీసేసిన మళ్ల వివరాలు, ఆ ప్రయోగాన్ని సమీక్షించిన కమిటీ సమావేశాల మినిట్స్ అని విడివిడిగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.