పెడల్ నేలకంటిన పూట

అరకు నుంచి దిగుతున్నాం. అనంతగిరి దాటాక కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఆపుదామంటే మలుపు మీద మలుపు, చోటు లేదు. ఇంతలో కాలిన వాసన. కాఫీ తోటల్లో ఎవరో ఏదో తగలబెడుతున్నారనుకుంది అమ్మ. తర్వాతి మలుపులో బ్రేక్ పెడల్ మెత్తగా దిగింది. ఆ పై మలుపులో నేలకే అంటింది. కారు ఆగలేదు.

మూడో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దించాను. హ్యాండ్‌బ్రేకు ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయని కొద్దికొద్దిగా లాగాను. పక్క సీట్లోంచి నా భార్య చెయ్యి చాపి హారన్ నొక్కుతూనే ఉంది. ఎడమ చక్రాలను కొండ పక్క కాలువలోకి దింపితే బండి ఒరుసుకుంటూ ఆగింది. అమ్మ దిగి రోడ్డు పక్కనే కూలబడింది. చాలాసేపు మాట్లాడలేదు.

ముందు చక్రంలోంచి పొగ. వెనకే వచ్చిన లారీ డ్రైవర్ టైర్ల కింద రాళ్లు పెట్టి, "నీళ్లు పొయ్యకండి బాబూ, డిస్క్ పగిలిపోద్ది" అన్నాడు. ఆయన మేలు మరవలేను.

శృంగవరపుకోటలో మెకానిక్ చక్రం విప్పి, ప్యాడ్‌లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ బరువు హోస్ మీద పడకుండా తీగతో కట్టాడు. లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగింది, బయటిది సగమైనా అరగలేదు. కాలిపర్ అటూ ఇటూ జరగాల్సిన పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయాయి. పిస్టన్ మీది రబ్బరు బూటు చిరిగింది. చెక్కముక్క అడ్డం పెట్టి గాలి కొట్టి పిస్టన్‌ను బయటికి తెచ్చాడు. వేలు అడ్డముంటే నలిగిపోతుంది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. పిస్టన్ చుట్టూ గాడిలో నాలుగు పలకల రబ్బరు రింగు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు కాస్త వంగి, వదలగానే పిస్టన్‌ను వెనక్కి లాగేది అదే. మా రింగు ఉబ్బిపోయింది. అంతకు ముందు ప్యాడ్‌లు మార్చిన గ్యారేజీలో మామూలు గ్రీజు పూశారు. పెట్రోలియం గ్రీజు ఆ రబ్బరుకు పడదు. కుడి కాలిపర్ విప్పినా అదే కథ. పిస్టన్ వెనక్కి రాక ప్యాడ్ డిస్క్‌ను ఒరుస్తూనే ఉంది, ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగింది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. గాలిలో తేమ పీల్చి 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. మాది నల్లబడిపోయి ఉంది. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలకంటింది అందుకే.

ఆ గ్యారేజీ బిల్లులో 'బ్రేక్ సర్వీసు' అని ఉంది. ప్యాడ్‌లు మార్చడం సర్వీసు కాదు. ఆ మాట రాసి డబ్బు తీసుకోవడం ప్రాణాలతో చెలగాటం.

మెకానిక్ రబ్బరు ఉన్న చోట పెట్రోలు తగలనివ్వలేదు, కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగాడు. సిలిండర్ లోపల గుంటలు లేవు గనుక కాలిపర్‌లు పనికొచ్చాయి. రింగులు, బూట్లు, పిన్నులు, డిస్కులు, ప్యాడ్‌లు కొత్తవి వేసి, ఆయిల్ మొత్తం మార్చి, గాలి తీశాడు.

ప్యాడ్‌లు మార్పించేటప్పుడు దగ్గర నిలబడండి. పిన్నులు, పిస్టన్, బూటు చూపించమని అడగండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. బండి ఒక పక్కకు లాగుతున్నా, ఒక చక్రం మిగతావాటికన్నా వేడెక్కుతున్నా ఆ బండితో ఘాట్ ఎక్కకండి.