నీ వంతు, నా వంతు

మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్ళు. ఆటిజమని మూడో ఏట తెలిసింది. అంతవరకూ మా పెద్దవాళ్ళది ఒకటే మాట, "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే, వాళ్ళ మేనమామకీ అంతే" అని. (ఆ మేనమామ ఇప్పుడు నోరు మూస్తే ఒట్టు, అది వేరే సంగతి.)

ఈ ఏడు ఒక స్కూలు వాళ్ళు "నలుగురితో కలవడం వచ్చాక తీసుకురండి" అని పంపేశారట. నలుగురిలో కూర్చోబెట్టకుండా కలవడం ఎలా వస్తుందండీ? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ ఉంది. ఆ మాట చెల్లెలికి కాగితం మీద రాసిచ్చాను.

సెలవులకి పది రోజులు మా ఇంటికొచ్చారు. సాయంత్రమైతే అపార్ట్‌మెంట్ పిల్లలంతా మా హాల్లోనే. వీడు మాత్రం గుమ్మం దగ్గర కూర్చునేవాడు. "నీ పేరేంటి?" అంటే "నీ పేరేంటి" అనేవాడు. వెక్కిరిస్తున్నాడని ఎదురింటి పాప అలిగింది. విన్నమాట తిరిగి అనడం కూడా మాట్లాడే ప్రయత్నమేనని స్పీచ్ థెరపిస్టు చెప్పిందట. పాపకి అదే చెప్పాను.

అటక మీంచి మా అత్తగారి వామనగుంటల పీట దింపాను. పద్నాలుగు గుంటలు, దోసెడు చింతపిక్కలు. ఈ ఆటలో ఒక సుఖం ఉంది. ఎదుటివాళ్ళ మొహం చూసి మనసు కనిపెట్టక్కర్లేదు, కళ్ళు పీట మీదుంటే చాలు. చేతిలో పిక్కలయ్యేసరికి పక్క గుంట ఖాళీగా ఉంటే వంతు అయిపోయినట్టే. కింద ఆడే దొంగాపోలీసులో రూల్సు నిమిషానికోసారి మారతాయి, పైగా అరుపులు.

మొదటి రోజు పిక్కలన్నీ వరసగా పేర్చుకున్నాడు. పేర్చుకోనిచ్చాం. రెండోనాడు ఒక్కో గుంటలో ఒక్కోటి వేశాడు. పిల్లలకి రెండే చెప్పాను: వాడి చెయ్యి పట్టి లాగొద్దు, "నీ వంతు" అన్నాక పది లెక్కపెట్టేదాకా ఆగాలి. ఆగడం నేర్చుకోడానికి వాళ్ళకే ఎక్కువ రోజులు పట్టింది!

వాడూ తన వంతు వచ్చినప్పుడల్లా "నీ వంతు" అనే ఆడేవాడు. ఎనిమిదో రోజు ఎదురింటి పాప తొందరపడి చెయ్యి పెట్టబోతే, పీట మీంచి కళ్ళు తియ్యకుండానే "నా వంతు" అన్నాడు.

పాప చెయ్యి వెనక్కి తీసుకుంది. వంటింట్లో చెల్లెలు పోపు మాడబెట్టింది.

జూన్‌లో ఇంకో స్కూలుకి వెళ్తున్నారు. పీట వాళ్ళతోనే పంపించాను.