40 నంబరు

ఆవిడ తెచ్చిన ఫైలు బరువుగా ఉంది. రెండు ఈసీజీలు, ఒక ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, రక్తపరీక్షలు, అడుగున గ్యాస్ మాత్రల చీటీ. వయసు 44. ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. ‘‘గుండె నొప్పి మేడం. అన్నీ బాగానే ఉన్నాయంటారు, నొప్పి మాత్రం తగ్గదు’’ అంది. ఎక్కడమ్మా అని అడిగితే అరచెయ్యి ఎత్తి ఎడమవైపోసారి, కుడివైపోసారి గాల్లోనే చూపించి గబుక్కున దించేసింది.

రెండు వైపులా గుండె ఎవరికీ ఉండదు. అప్పటికి ఏలూరులో ప్రాక్టీసు పెట్టి పదిహేనేళ్లయింది కాబట్టి ఆ చెయ్యి చెప్పింది నాకు అర్థమైంది. మన ఆడవాళ్లు చాలామంది రొమ్ము అనే మాట పైకి అనరు. ‘గుండెలు’ అంటారు, బహువచనంలో. ఎదురుగా ఉన్నది మగడాక్టరైతే ఆ బహువచనం కూడా మింగేసి ‘గుండె’ అంటారు. ఆయన పాపం విన్నదాన్ని బట్టి ఈసీజీ తీయిస్తాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆ వయసులో ఛాతీనొప్పి అంటే ముందు గుండె చూడాల్సిందే. కానీ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించేదాకా వెళ్లినా నొప్పి లోపలా, పైనా అని ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు.

పరీక్ష చేశాను. గడ్డ లేదు, చనుమొన నుంచి స్రావం లేదు, చంకలో బిళ్లలు లేవు. భుజాల మీద మాత్రం రెండు గాడులు. చేంతాడు ఒరిసి ఒరిసి పాతబావి గట్టు మీద పడే గాడుల్లాంటివి. బ్రా వెనకపట్టీ వీపు మీద సగందాకా ఎక్కి కూర్చుంది.

‘‘నంబరెంతమ్మా?’’

‘‘40 అండి.’’

‘‘ఎవరు చెప్పారు?’’

‘‘జాకెట్టు కొలత 39 కదండీ. 39 ఉండదు, 40 ఇస్తాడు.’’

సొరుగులోంచి టేపు తీశాను. గర్భిణుల పొట్ట కొలిచే టేపు అది. ఒకవైపు సెంటీమీటర్లు, రెండోవైపు అంగుళాలు. రెండోవైపు తిప్పి, రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ ఊపిరి వదిలించి కొలిచాను. 33. రొమ్ముల మీదుగా కొలిస్తే 39.

ఎదురుగా ఉన్నది లెక్కల టీచరు కాబట్టి మందుల చీటీ వెనకే లెక్క వేసి చూపించాను. బ్రా మీద ఉండే నంబరు రొమ్ముల కొలత కాదు, వాటి కింద ఉన్న ఎముకల గూడు కొలత. సరిసంఖ్యల్లోనే దొరుకుతాయి కాబట్టి 33కి 34. పైకొలతలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది అక్షరం. ఒక అంగుళం తేడాకి ఏ, రెండుకి బి, మూడుకి సి, నాలుగుకి డి, అయిదుకి డబుల్ డి. ఆవిడది 34 డబుల్ డి. అక్షరానికి సొంతంగా ఒక పరిమాణం ఉండదు. 34లో బి చిన్నగిన్నె, 40లో బి పెద్దగిన్నె. నంబరు ఒక మెట్టు పెరిగి అక్షరం ఒక మెట్టు దిగితే గిన్నె అదే. 34 డబుల్ డి, 36 డి, 38 సి, 40 బి, నాలుగింటికీ కప్పు ఒక్కటే. మన దుకాణాల్లో అక్షరం లేకుండా వట్టి నంబరుతో అమ్మేవి చాలావరకు బి కప్పులే.

ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుని మళ్లీ వేసుకుంది. ‘‘అంటే ఇన్నేళ్లూ నాకు ఆన్సరు సరిగ్గానే వచ్చింది, స్టెప్పులే తప్పు’’ అంది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. కప్పు సరిపోయింది కనక సైజు సరైనదే అనుకుంది. పట్టీ వదులని తెలియలేదు. ఎలాస్టిక్ పట్టీ సాగితేనే ఒంటిని పట్టుకుంటుంది. 33 అంగుళాల ఒంటి మీద 40 నంబరు సాగక్కర్లేకుండానే నిలబడుతుంది. పడిపోదు, పట్టూ ఉండదు. పట్టీ మొయ్యాల్సిన బరువు భుజాల మీద పడుతుంది. జారుతోందని భుజంపట్టీలు బిగిస్తారు. బిగించేకొద్దీ వెనక పైకెక్కుతుంది, ముందు కిందికి దిగుతుంది.

రొమ్ములో కండరం లేదు. పైనున్న చర్మం, లోపలి సన్నటి పొరలే దాన్ని పట్టుకుని ఉంచుతాయి. ఆ పొరల్ని 1840లో లండన్ సర్జన్ ఆస్ట్‌లీ కూపర్ వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఎంబీబీఎస్ వైవాలో కూపర్ లిగమెంట్లు అడిగారు, చెప్పాను, మార్కులు వేశారు. ఆ బరువు రోజంతా దేని మీద ఆనుతుందో అయిదున్నరేళ్లలో ఏ ప్రొఫెసరూ అడగలేదు.

నాకీ లెక్క నేర్పింది డాలస్‌లో ఒక దుకాణంలోని అమ్మాయి. చెల్లెలింటికి వెళ్లినప్పుడు అదే లాక్కుపోయింది. ఇరవయ్యేళ్లు ఉంటాయేమో ఆ పిల్లకి. మెళ్లో టేపు, మనం స్టెతస్కోపు వేసుకున్నట్టు. వేలమంది ఆడవాళ్లని పరీక్ష చేసిన డాక్టర్ని, నన్నెవరో కొలుస్తుంటే గోడగడియారం కేసి చూస్తూ నిలబడ్డాను. అప్పటిదాకా నేను వేసుకుంటున్నది 36. ఆ పిల్ల తేల్చింది 32 డి. ఇంటికొచ్చి లెక్కేస్తే 36 బి, 32 డి ఒక్క కప్పే. టీచరుగారిదీ నాదీ అదే తప్పు.

అక్షరాలు పెట్టడం 1932లో అమెరికాలో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీ మొదలెట్టింది. మన మ్యాచింగ్ సెంటర్లలో చాలావాటికి 1932 ఇంకా రాలేదు. జాకెట్టు ముక్కకి రంగు కలవకపోతే ఎండలోకి తీసుకెళ్లి మరీ చూపించే దుకాణదారు, దీని దగ్గరికొచ్చేసరికి డబ్బా మీద చెయ్యేసి అటు తిరిగి నిలబడతాడు. ఆవిడ గొంతు తగ్గించి నంబరు చెబుతుంది. అతను కాగితంలో చుట్టి నల్లకవర్లో పెట్టేస్తాడు. వేసి చూసుకోవడానికి గది ఉండదు, మార్చి ఇవ్వరు. జాకెట్టు అర అంగుళం బిగువైతే టైలరు మీద యుద్ధానికి వెళ్లే మనిషే, ఇది మాత్రం పదేళ్లు కొరుకుతున్నా నోరెత్తదు. కొన్ని డబ్బాల వెనక ఇంకా పాతపద్ధతి ఉంటుంది, కిందికొలతకి నాలుగో అయిదో కలుపుకోమని. ఎలాస్టిక్ అంతగా సాగని రోజుల లెక్క అది.

ఏలూరులో టీచరుగారికి 34 డబుల్ డి దొరకలేదు. విజయవాడలో 36 డి దొరికింది, హుక్కు ఒక వరస లోపలికి పెట్టుకుంటే సరిపోయింది. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చింది. నెలసరికి ముందు రెండుమూడు రోజులు బరువుగా ఉంటోందట, అది హార్మోన్ల సంగతి. మిగతా నొప్పి లేదు. ‘‘ట్రెడ్‌మిల్ డబ్బులు పెట్టి పది కొనుక్కునేదాన్ని’’ అంది వెళ్తూ.

ఆ తర్వాత టేపు సొరుగులోంచి బల్ల మీదికొచ్చింది. భుజాలు లాగుతున్నాయన్నా, రొమ్ము నొప్పన్నా చేత్తో పరీక్ష చేశాక కొలుస్తాను. నెలసరికి ముందు వారం కొలవను, అప్పుడు వాపు ఉంటుంది. బరువైన రొమ్ములకి నిలబడి ఒకసారి, నడుం వంచి ఒకసారి. ఒక వైపు కన్నా రెండోవైపు పెద్దదిగా ఉండడం మామూలే, పెద్దదాన్ని బట్టే కొనాలి. కొత్తది చివరి హుక్కుకి సరిపోవాలి, వాడేకొద్దీ ఎలాస్టిక్ వదులైతే లోపలి హుక్కులకి వెళ్లచ్చు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరకూడదు. ఇవన్నీ మర్చిపోయినా ఒకటి గుర్తుంచుకోమంటాను. వేసుకుని రెండు చేతులూ పైకెత్తాలి. కిందిపట్టీ ఎక్కడిదక్కడే ఉంటే సరైనది. పైకి జరిగితే దుకాణదారుకి తిరిగిచ్చెయ్యాలి, గొడవపడైనా.

కొలవడానికని పయిట తీయిస్తే టేపుతో పనిలేనివి కూడా బయటపడతాయి. 58 ఏళ్ల అత్తగారొకావిడ నడుంనొప్పికని వచ్చింది. రొమ్ముల కింద మడతల్లో చర్మం ఎర్రగా ఒరిసి, తడిసి, వాసన. ఎన్నాళ్లనుంచమ్మా అంటే ‘‘ఎండాకాలం వస్తూనే ఉంటదిలే డాక్టరమ్మా’’ అంది. ఫంగస్. దాంతో అనుమానమొచ్చి షుగరు చూస్తే, పరగడుపున 240. అప్పటిదాకా ఆవిడకి షుగరుందనే తెలియదు. ఇక ఆ బట్టలు. ఆవిడ వాటిని ‘బాడీలు’ అంటుంది. మగవాళ్ల కంటబడకూడదని స్నానాలగదిలో తువ్వాలు కింద ఆరేస్తుంది. మాఘమాసం ఎండకైనా నోచుకోని బట్టలు. సగం తడితోనే మళ్లీ ఒంటి మీదికి. నేను రాసిన మందుల్లో మొదటిది ‘దండెం మీద, ఎండలో’. కోడలు చీటీ చదివి ఫక్కున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ‘‘మీ మావయ్య ఏమంటారో’’ అంది.

బాలింతల సంగతి వేరు. ఒకమ్మాయి పురుడయిన మూడో వారం, 103 జ్వరంతో వచ్చింది. కుడిరొమ్ము పైభాగం గట్టిపడి ఎర్రగా ఉంది, పాలు గడ్డకట్టాయి. పెళ్లప్పటి బ్రాలే వాడుతోంది. పాలిచ్చేటప్పుడు హుక్కు తియ్యదు, కిందిపట్టీని రొమ్ము మీదికి తోసేసి పట్టిస్తుంది. పాలు దిగే చోటికి ఎగువన అడ్డకట్ట కట్టినట్టే. వదులుగా ఉంటే జారిపోతాయని వాళ్లమ్మ చెప్పిందట. బిడ్డకి పాలివ్వడం వల్ల జారవు. వయసు, ఎన్ని కాన్పులు, ఒంటి బరువు, పొగతాగడం, ఇవీ కారణాలు. ఆ మాట వాళ్లమ్మతో చెప్పాను. నమ్మినట్టు తలూపింది గానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఒక గురుకుల పాఠశాలలో వైద్యశిబిరానికి వెళ్లినప్పుడు పీఈటీ మేడం ఓ పిల్లని తీసుకొచ్చింది. పదమూడేళ్లు. కబడ్డీలో జోనల్ దాకా ఆడిన పిల్ల, ఈ ఏడు కడుపునొప్పని కూర్చుండిపోతోంది, గూనిగా నడుస్తోంది, కాల్షియం తక్కువేమో చూడమంది. యూనిఫాం కింద రెండు బిగుతు షిమ్మీలు, వాటి మీద మడతపెట్టిన చున్నీ పిన్నీసులతో. అమ్మ ఊళ్లో ఉంటుంది, వార్డెన్‌ని అడగడానికి సిగ్గు, కూతలో పరుగెడుతుంటే ఎవరో ఏదో అన్నారు. కాల్షియం రాయలేదు. పరుగెత్తేటప్పుడు రొమ్ము పైకీకిందికే కాదు, పక్కలకీ కదులుతుంది. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చూస్తే ఆ దారి ఎనిమిది అంకె ఆకారంలో ఉంది. ఆ పిల్లకి కావాల్సింది స్పోర్ట్స్ బ్రా, రెండు జతలు. ఆ రోజు నేనూ పీఈటీ మేడమూ కలిసి కొలత తీసింది ఒక్క పిల్లకి కాదు, తలుపు బయట పదకొండుమంది వరసలో నిలబడ్డారు.

ఇంత రాశాక ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. బ్రా వల్ల క్యాన్సరు రాదు. నల్లదైనా, తీగ ఉన్నదైనా, రాత్రి వేసుకు పడుకున్నా. 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకంతో ఆ భయం ఊరూరా తిరిగింది. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు వెయ్యిమందికి పైగా రోగుల్ని, జబ్బు లేనివాళ్లతో పోల్చి చూశారు. ఏ వయసులో మొదలెట్టారు, రోజుకెన్ని గంటలు, కప్పు ఎంత, తీగ ఉందా అని అన్నీ అడిగారు. సంబంధం కనిపించలేదు. అసలు వేసుకోకపోయినా జబ్బేమీ రాదు. హాయిగా ఉందనిపిస్తే వేసుకోనక్కర్లేదు కూడా.

క్యాన్సరు వచ్చిన ఒకావిడ గురించి చెప్పాలి. పూలు అమ్ముతుంది. ఇంటి వెనక సన్నజాజి పందిరి, పొద్దున్నే కోసి, మాల కట్టి, సందు చివర బుట్ట పెట్టుకుంటుంది. ఆపరేషన్‌లో ఎడమరొమ్ము తీసేశారు. ఏడాది తర్వాత మెడనొప్పని వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో జాకెట్టు కిందికి లాక్కుంటూనే ఉంది. ఖాళీ కప్పులో పాతచీర ముక్కలు కుక్కుకుంది. గుడ్డకి బరువేముంది? ఒక వైపు కిందికి లాగుతుంటే రెండోవైపు గాలిపటంలా లేచిపోతోంది. సిలికాన్‌ది ఉంటుందని చెప్పి, ధర కూడా చెప్పాను. ‘‘ఆ డబ్బుకి మా మనవడి ఫీజు అమ్మా’’ అంది. అయితే ఏం పెట్టుకున్నా బరువు రెండోవైపుకి దగ్గరగా ఉండాలన్నాను. టేపుతో పట్టీ కొలత తీసి, కప్పు లోపల జేబులాగా గుడ్డ కుట్టించుకోమని బొమ్మ గీసిచ్చాను. ఆపరేషనైన వైపు భుజంపట్టీ బిగువుగా ఉండకూడదనీ, చెయ్యి వాస్తే వెంటనే రమ్మనీ చెప్పి పంపాను.

నెలరోజులకి వచ్చింది. పరీక్ష బల్ల మీద కూర్చుని జేబులోంచి ఒక సంచి తీసి నా చేతిలో పెట్టింది. మెత్తటి నూలు చీర, రెండు పొరలు, పైన దూది, లోపల ఆవాలు. గుండ్రంగా, కింద కొంచెం బరువుగా, అచ్చం ఉండాల్సినట్టు.

‘‘ఎలా తూచావమ్మా?’’

‘‘పూల తక్కెడ ఉందిగా’’ అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

‘‘వానాకాలం చెమటకి మొలకెత్తవా?’’

‘‘మొలిస్తే మారుస్తా. ఆవాలకేం కరువు!’’

సంచి మళ్లీ జేబులో పెట్టుకుని హుక్కులు పెట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తమన్నాను. కుడిచెయ్యి నేరుగా వెళ్లింది. ఎడమది ఆగి ఆగి, చెవి పక్కదాకా వెళ్లింది. పట్టీ ఎక్కడిదక్కడే ఉంది.

‘‘పందిరి పైన ఎడంపక్క పూలన్నీ ఏడాదిగా రాలిపోతున్నాయి’’ అంది, చేతులు దించకుండానే.