సూరత్ తీరపు బురదలో ఒక భద్రతా పాఠం

సూరత్ అనగానే మనవారికి జరీ చీరలు, వజ్రాల సానపట్టే పని జ్ఞప్తికి వస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాల మూలంగా అచటి లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట వినిపించుట కూడా పలువురికి విదితమే. అయితే నగరానికి పడమరగా, తపతీ నది సముద్రంలో కలిసే చోట మేము చూసిన మరొక వింతను పాఠకులతో పంచుకొనుటకే ఈ వ్యాసం.

ఉద్యోగరీత్యా హజీరా వెళ్లినప్పుడు ఒక ఆదివారం విరామం లభించగా, సహోద్యోగులం నలుగురం తీరానికి బయలుదేరాము. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లకు ప్రసిద్ధి. పోటు తీయగానే కనుచూపు మేర బూడిదరంగు బురద బయటపడింది. దానిపై జానెడు చేపలు, తల మీద ఉబ్బిన కన్నులతో, రొమ్ము రెక్కలనే ఊతకర్రలుగా చేసుకొని పాకుతూ, గెంతుతూ కనిపించాయి! స్థానికులు వీటిని ‘లేవటా’ అంటారు. ఇష్టంగా వండుకొని తింటారు. శాస్త్రనామం బోలియోఫ్తాల్మస్ డసుమీరి. చర్మం, నోటి లోపలి పొర తడిగా ఉన్నంతసేపు ఇవి గాలి నుండే ప్రాణవాయువును గ్రహించగలవు. బురదపై పెరిగే సూక్ష్మమైన నాచును తల అటూ ఇటూ ఆడిస్తూ గీరి తింటాయి. బొరియలను తామే తవ్వుకుంటాయి. మేము నాలుగడుగులు వేయగానే అన్నీ వాటిలోకి మాయమైనాయి.

ఇవి గోబీలనే పెద్ద వర్గానికి చెందినవి. ఆ వర్గంలోనే నూరు రకాలకు పైగా చిన్న చేపలు బొరియ తవ్వే శ్రమ లేకుండా జీవిస్తాయి. వాటిని చూడవలెనన్న లక్షద్వీపాల వంటి పగడపు దిబ్బల చెంతకు పోవాలి. అక్కడ తవ్వకం పని ఒక రొయ్యది. దానికి చూపు మందం. పగలంతా ఇసుకను బయటకు నెడుతూ బొరియను బాగుచేస్తూనే ఉంటుంది. చేప ద్వారం వద్ద కావలి కాస్తుంది. బయటకు వచ్చినప్పుడల్లా రొయ్య తన మీసాన్ని చేపకు ఆనించి ఉంచుతుంది. అపాయం కనబడితే చేప తోక ఆడిస్తుంది, రొయ్య వెనుదిరుగుతుంది. ముప్పు మరీ దగ్గరైతే చేప కూడా లోపలికి దూకుతుంది. ఎర్ర సముద్రంలోని ఇట్టి సహజీవనాన్ని 1958లో లూథర్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించారు.

ప్లాంటులో పనిచేసే మనకు ఈ ఏర్పాటు కొత్త కాదు. ట్యాంకులోకి దిగిన మనిషి రొయ్య వంటివాడు. మ్యాన్‌హోల్ వద్ద నిలిచిన స్టాండ్‌బై మనిషి చేప వంటివాడు. మీసం స్థానంలో తాడు. లోపలి గాలి సురక్షితమని ధ్రువపత్రం లేనిచోట దిగేవాడు శ్వాస పరికరం ధరించాలని, అతని నడుముపట్టీకి కట్టిన తాడు రెండవ కొసను బయటివాడు పట్టుకొని ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ నిర్దేశించింది.

ఒక్క భేదం మాత్రం మరువరాదు. చేపకు ముప్పు బయట, రక్షణ లోపల. మనకు ముప్పే లోపల. కనుక స్టాండ్‌బై మనిషి తోటివాడు పడిపోయాడని కంగారుతో తానూ దూకరాదు. విషవాయువు ఒకరితో ఆగక, రక్షింపబోయిన వారినీ బలిగొన్న ఉదంతాలు దేశంలో ఎన్నో జరిగాయి. తాడు లాగాలి, కేక వేయాలి, పరికరాలు గల సిబ్బందిని పిలవాలి.

ఆ చేప కావలి విడిచి పోతే రొయ్య బయటకు రావడానికే వెనుకాడుతుంది. మనమో, స్టాండ్‌బై మనిషిని “ఊరికే నిలబడ్డాడు కదా” అని టీ తీసుకురమ్మని పంపుతాము! నిలబడి ఉండటమే అతని పని. ఇంటివద్ద పాత బావిలోనికి గాని, సెప్టిక్ ట్యాంకులోనికి గాని ఎవరినైనా దింపదలచినప్పుడు మన కుటుంబ సభ్యులు కూడా ఈ సంగతి గుర్తుంచుకొని, అడ్డుపడవలసినదిగా మా మనవి.