మధ్యలో ఉన్న ఫోన్

హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, సిగ్నలే లేదు. మర్నాడు మూడో ఫ్లోర్ అంకుల్ ఫోన్‌కి మాత్రం మేడ మీద ఒక మూల నిలబడితే ఒక్క గీత వచ్చింది. ఇంకేముంది, బిల్డింగ్ మొత్తం క్యూ. అమ్మ కూడా అమ్మమ్మతో ఒక్క నిమిషం మాట్లాడింది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ సెమ్‌లో మా మినీ ప్రాజెక్ట్ మొబైల్ ఆడ్ హాక్ నెట్‌వర్క్‌లో వాయిస్ కాల్. టవర్ ఉండదు. ఒక ఫోన్ మాటని ఇంకో ఫోన్ అందుకుని ముందుకి పంపుతుంది, మంటలార్పేటప్పుడు బిందెలు చేతులు మారినట్టు.

మనం "హలో" అంటే అది 20 మిల్లీసెకన్ల ముక్కలైపోతుంది. అంటే ఒక్క వైపుకే సెకనుకి 50 ప్యాకెట్లు. జీ.729 కోడెక్ వాడితే ఒక్కో ప్యాకెట్‌లో మాట 20 బైట్లు, దాని మీద ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 40 బైట్లు. ఉత్తరం కన్నా కవరే బరువు! రెండు మూడు ముక్కలు ఒకే కవర్లో పెడితే బ్యాటరీ కొంచెం మిగుల్తుంది. కానీ అవి పోగయ్యేదాకా ఆగాలి, ఆ కవరు దారిలో పోతే అన్నీ ఒకేసారి పోతాయి. ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోమంటుంది ఐటీయూ.

ఎన్ఎస్-3లో 25 నోడ్‌లతో సిమ్యులేషన్ నడిపాం. ఏఓడీవీ ప్రోటోకాల్ దారి వెతికేటప్పుడు ఎవరి బ్యాటరీ ఎంతుందో అడగదు. వాయిస్ క్వాలిటీ గ్రాఫ్ బాగా వచ్చింది, ఆ స్కోరు వినేవాళ్ల చెవి దగ్గరే కదా లెక్కేస్తారు. గొప్పగా అమ్మకి చూపించాను. తను గ్రాఫ్ వదిలేసి పక్కన ఎర్రగా మారిన చుక్కని పట్టుకుంది.

"ఈ పదకొండోది ఎవరిదిరా? ఎందుకాగిపోయింది?"

"ఎవరిదీ కాదమ్మా, నోడ్. కాల్సన్నీ దాని మీంచే వెళ్లాయి, చార్జింగ్ అయిపోయింది."

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "ఆ రోజు అంకుల్ ఫోన్ కూడా సాయంత్రానికి ఆగిపోయింది. కరెంట్ లేదు కదా. మేమందరం చేసుకున్నాక, బెంగళూరులో ఉన్న వాళ్లమ్మాయికి ఆయన చేసుకోడానికి లేకపోయింది."

నాకు ఈ సంగతి తెలీదు. క్యూ ఒక్కటే గుర్తుంది.

ఆ రాత్రి కోడ్ మార్చాను. ఏ ఫోన్‌లో అయినా చార్జ్ 30 శాతం కన్నా తగ్గితే దాని మీంచి వేరేవాళ్ల కాల్ పోదు, చుట్టూ తిరిగి వెళ్తుంది. పదకొండో నోడ్ బతికింది. కానీ హాప్‌లు పెరిగి మాట తెగుతోంది. 10 శాతం చాలంటాడు నా టీమ్‌మేట్, లేకపోతే గ్రాఫ్ పాడవుతుందని వాడి బాధ. అదీ నిజమే, మాట అర్థం కాకపోతే కాల్ ఎందుకు?

సోమవారం రివ్యూ. ఫైల్లో ఇంకా 30 అనే ఉంది.