రొయ్యల పఫ్‌లూ, మా తమ్ముడూ

"అక్కా, ఆదివారం వైజాగ్ వస్తున్నాం. చిన్నదాన్ని హాస్టల్లో దింపాలి. దారిలో ఓ అరగంట మీ ఇంటికొచ్చి వెళ్తాం. భోజనం అదీ ఏం పెట్టుకోకు, టీ తాగి వెళ్ళిపోతాం."

మా తమ్ముడు ఫోన్ చేసి ఇంతే చెప్పాడు. మూడేళ్ల తర్వాత వాడి గొంతు వినడం. ఈ మూడేళ్లూ పండగలకి వాట్సాప్‌లో ఓ దీపం బొమ్మ, నా పుట్టినరోజుకి మరదలి దగ్గర్నుంచి ఓ కేకు బొమ్మ, అంతే. "వస్తున్నాడుగా, సంతోషించు" అన్నారు మా వారు. ఆయనకేం, "వస్తున్నాం" అన్న ముక్క వినపడింది. నాకు "భోజనం పెట్టుకోకు" అన్నదే వినపడింది. అక్క ఇంట్లో అన్నం ముట్టను అని చెప్పడానికి అంతకన్నా మర్యాదైన మాట ఏముంటుంది చెప్పండి?

సరే, టీ అన్నాడు కదా, టీతో ఏం పెట్టాలి? మిక్చరూ బిస్కట్లూ పెడితే పక్కింటివాళ్ళకి పెట్టినట్టుంటుంది. వాడికి రొయ్యలంటే ప్రాణం. రొయ్యల కూర వండితే అన్నం ఉండాలి, అన్నం వద్దన్నాడు. రాత్రంతా ఆలోచించి, కూరని పఫ్‌లో పెట్టి ఇద్దాం, అప్పుడెలా వద్దంటాడో చూద్దాం అనుకున్నాను. నవ్వకండి, పంతం అంటే పంతమే.

పఫ్ ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు కాకినాడలో నాన్న జీతం రోజున మెయిన్ రోడ్డు బేకరీ నుంచి రెండు ఎగ్ పఫ్‌లు తెచ్చేవారు. ఒకటి అమ్మానాన్నలకి, ఒకటి మా ఇద్దరికి. లోపల ఉండేదే సగం గుడ్డు. పఫ్‌ని ఎలా కోసినా గుడ్డు ఓ పక్కకీ, ఉల్లిపాయ ముద్ద ఇంకో పక్కకీ పోయేది. ఇక చూడండి గొడవ. అమ్మ ఓ చట్టం పెట్టింది. కోసేది ఒకళ్ళు, ముందు తీసుకునేది ఇంకొకళ్ళు. కత్తి ఎప్పుడూ నా చేతికే వచ్చేది, పెద్దదాన్ని కదా. కళ్ళు చికిలించి, గుడ్డు ఎక్కడుందో పైనుంచి నొక్కి చూసి మరీ సరిగ్గా సగం కోసేదాన్ని. వాడు పైపొరలు ఒక్కొక్కటీ ఒలిచి ముందు అవి తినేసి, లోపలిది చివరికి దాచుకునేవాడు.

పఫ్‌లు బయట నుంచి తెచ్చినవే తప్ప ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు. శుక్రవారం నాడు ఓసారి చేసి చూద్దామని మొదలుపెట్టాను. జూన్ మొదటి వారం, మా వైజాగ్ ఉక్క మీకు తెలిసిందే. మధ్యాహ్నం రెండింటికి పిండి వత్తుతుంటే లోపలి వెన్న కరిగి చపాతీ పీట మీదకి కాల్వ కట్టింది. అలాగే మొండిగా మడతలు పెట్టి ఓవెన్‌లో తోశాను. బయటికి వచ్చినవి పఫ్‌లు కావు, నేతి బిస్కట్లు. రుచి బానే ఉంది, మా అబ్బాయి అన్నీ తినేశాడు. కానీ ఒక్క పొర లేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. పొర విచ్చుకోవడం అంటే వేరే మాయ ఏం లేదండీ. పిండికీ పిండికీ మధ్య వెన్న గట్టిగా, విడిగా ఉండాలి. ఓవెన్ వేడికి వెన్నలోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. వెన్న ముందే కరిగి పిండిలో కలిసిపోతే లేపడానికి పొరలే ఉండవు. బేకరీల్లో వాడే మార్జరీన్ అంత తొందరగా కరగదు, అందుకే వాళ్ళకి ఎండాకాలంలోనూ కుదురుతుంది. మనం వెన్నతో చెయ్యాలంటే తెల్లవారుజామునే లేవాలి.

శనివారం రాత్రి పావుకిలో మైదాలో అర టీస్పూన్ ఉప్పు, ఓ చెంచా నిమ్మరసం, పాతిక గ్రాముల వెన్న వేసి, ఫ్రిజ్ నీళ్ళు సుమారు అరగ్లాసు పోసి ముద్ద చేశాను. మరీ మర్దించకూడదు, సాగుతుంది. రెండు వందల గ్రాముల వెన్నని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో బాది చదరంగా చేశాను. (ఆ బాదడంలో మనసు కాస్త తేలికపడింది, దాచడం ఎందుకు.) రెండూ ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆదివారం నాలుగున్నరకి లేచి, ఫ్యాను కట్టేసి, వెన్నని పిండిలో కవరులా చుట్టి, పొడుగ్గా వత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేశాను. మళ్ళీ ఫ్రిజ్‌లో అరగంట. మళ్ళీ తిప్పి వత్తి మూడు మడతలు. అలా నాలుగుసార్లు. మూడు మూళ్ళు తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి అని మా అబ్బాయి లెక్క కట్టాడు. ఆరుసార్లు మడిస్తే 729 వస్తాయట. నాకు ఎనభై ఒకటి చాల్లే అన్నాను.

ఆ అరగంటల్లో చెయ్యడానికేం ఉండదు. వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే అన్నీ గుర్తొస్తాయి.

అమ్మ జారిపడ్డాక చివరి రెండేళ్ళూ నా దగ్గరే ఉంది. తమ్ముడు నెలనెలా డబ్బు పంపేవాడు, ఒక్క నెల కూడా తప్పలేదు, అది చెప్పకపోతే పాపం. జగన్నాథపురంలో ఇల్లు అమ్మ పేరున ఉంది. వీలునామా లేదు. అమ్మ పోయిన పదో రోజున, బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు, బాబాయి "ఇల్లు అమ్మేస్తే నయం, అక్క ఓ సంతకం పెడితే చాలు" అన్నాడు. "సంతకం పెడతాను, నా సగం నాకిస్తే" అన్నాను. వడ్డించే గరిటె ఆగిపోయింది. ఆడపిల్ల నోటితో అడిగిందే అని అందరి మొహాల మీదా కనపడింది. అమ్మ ఆస్తిలో కొడుకూ కూతురూ సమానమని 1956 చట్టంలోనే ఉంది, కానీ మా చుట్టాల్లో ఇంకా ఎవరికీ అందినట్టు లేదు. వాడు ఒక్క మాట అనలేదు. ఇల్లు అమ్మాక సరిగ్గా సగం నా ఖాతాలో వేశాడు. ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు.

అడిగినందుకు నేను ఈ రోజుకీ బాధపడను. ఆ డబ్బు లేకపోతే మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చేది? కానీ ఆ రోజు, ఆ విస్తళ్ళ దగ్గర అడిగాను చూడండి, అదే ముల్లులా ఉండిపోయింది.

సరే, రొయ్యల సంగతికొద్దాం. జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, అందుకని మార్కెట్‌లో చెరువు రొయ్య, వెనామీయే. అరకిలో తెచ్చి, వొలిచి, వీపున నల్లదారం తీసి, శుభ్రంగా కడిగి పొడి బట్టతో అద్దాను. పఫ్‌కి శత్రువు తడి. ఉప్పూ పసుపూ రాసి వట్టి మూకుడులో రెండు నిమిషాలు ఉంచితే నీళ్ళు వదులుతాయి. రొయ్యల్ని తీసేసి, అదే నీటిలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేసి, నూనె చుక్క పోసి మొత్తం ఇగిరిపోయేదాకా వేయించాను. కారం, ధనియాల పొడి, కాస్త మిరియం. నిమ్మకాయ పిండబోతుంటే గుర్తొచ్చింది, ఫ్రిజ్‌లో చింతచిగురు ఉందని. అమ్మ ఎండాకాలంలో రొయ్యలు వండిందంటే చింతచిగురు పడాల్సిందే. అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, ఓ గుప్పెడు వేశాను. రొయ్యలు తరిగి కలిపి, పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారనిచ్చాను. వేడి కూర పెడితే పడ్డ కష్టమంతా మళ్ళీ కరిగి కాల్వే.

పన్నెండు ముక్కలు వచ్చాయి. అంచులకి నీళ్ళు రాసి మూసి ఫోర్కుతో నొక్కాను. గుడ్డు సొన పైన మాత్రమే రాయాలి, కోసిన అంచుల మీదకి కారితే పొరలు అతుక్కుపోతాయి. మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసి, వాళ్ళు గాజువాక దాటామని చెప్పాక 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో తలుపు తియ్యకూడదు కాబట్టి అద్దం ముందు కింద కూర్చుని చూశాను. పదో నిమిషానికి లేవడం మొదలెట్టాయి. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చింది.

వచ్చారు. సోఫా అంచున కూర్చున్నారు, చుట్టాల్లాగా. "ఎందుకు వదినా ఇవన్నీ" అంది మరదలు. మేనకోడలు మాత్రం "అత్తా, ఇంట్లోనే చేశావా!" అని రెండో పఫ్ అందుకుంది. వాడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నలభై ఆరేళ్ళొచ్చాయి, పైపొర ఒలిచి ముందు అదే నోట్లో వేసుకున్నాడు. చొక్కా నిండా పొట్టు. తర్వాత లోపలిది కొరికి ఆగాడు.

"చింతచిగురు వేశావా?"

"ఊఁ."

ఇంకేం మాట్లాడలేదు. ఒకటి తిన్నాడు, ఇంకొకటి తీసుకున్నాడు. మా వారు మరదల్నీ పిల్లనీ బాల్కనీలో మొక్కలు చూపిస్తానని లేపుకుపోయారు. ఆయనకీ అప్పుడప్పుడు తెలివి ఉంటుంది.

"ఆ రోజు అలా అడగకూడదురా" అన్నాను.

"అడగకూడనిదేం అడగలేదు నువ్వు. ఇద్దామనే అనుకున్నాను. అందరి ముందూ నా నోరు నొక్కేసి నువ్వు తీసుకున్నట్టయింది. నేను ఇచ్చినట్టు కాలేదు." ప్లేటు వంకే చూస్తూ అన్నాడు.

నాకు ఇది ఎప్పుడూ తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. ఇస్తాడని వాడూ నోరు తెరిచి చెప్పలేదు కదా అని కూడా అనిపించింది, కానీ అప్పుడు అనలేదు.

ప్లేటులో ఒకటి మిగిలింది. "తినెయ్" అన్నాను. "కత్తి పట్రా, నువ్వు కొయ్యి" అన్నాడు. కోశాను. సగం కుదర్లేదు, ఓ పక్క రొయ్యలన్నీ చేరాయి. వాడు చిన్న ముక్కే తీసుకున్నాడు.

భోజనానికి ఉండలేదండీ. ఏడింటికల్లా హాస్టల్లో దింపాలట, రాత్రికి కాకినాడ చేరాలట. వంటింట్లో ఉంచిన నాలుగు పఫ్‌లూ స్టీలు డబ్బాలో పెట్టి, ఈ రాత్రికే తినెయ్యండి, రేపటికి ఉంచకండి అని మరీ చెప్పి మరదలి చేతికిచ్చాను. అది అమ్మ డబ్బా. వారం దాటింది. నిన్న ఫోన్ చేసి డబ్బా సంగతేంట్రా అంటే, "నువ్వొచ్చి పట్టుకెళ్ళు" అన్నాడు.